కర్పూరం వెలిగినంతసేపు: మా కూర్మారావు మాస్టారు

మూడో వయొలిన్ల కాగితం జిరాక్స్ మెషీన్ మీద బోర్లించి, మూత వేసి, ఆరు కాపీలని నొక్కానో లేదో ఫోన్ మోగింది. బుధవారం, మధ్యాహ్నం పన్నెండు దాటింది. మాస్టారి నంబరు. "అయిపోవచ్చింది మాస్టారూ, నాలుగింటికల్లా హాలుకి తెచ్చేస్తా" అని నేనే ముందు అనేశాను. అవతల ఉన్నది ఆయన కాదు, వాళ్ళ పక్కింటి దీదీ. "గౌరీ, మాస్టర్‌జీ నహీ రహే" అంది. మాస్టారు పోయారట. మెషీన్ మాత్రం ఆగలేదు. మూత కింద వెలుగు అటూ ఇటూ తిరుగుతోంది, ఒక్కో కాగితమూ వచ్చి పళ్ళెంలో పడుతోంది. నేను రాసిన హిందీ సరిగమలు, వాటి పైన ఆయన ఎర్ర పెన్సిల్‌తో పెట్టిన గుర్తులు. ఆరూ వచ్చేదాకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను. చేతిలోకి తీసుకుంటే వేడిగా ఉన్నాయి.

అంతకు ముందురోజు సాయంత్రమే కదా ఆ కాగితం దిద్ది నా చేతిలో పెట్టి, "చివర నాలుగు గళ్ళు ఖాళీగా వదిలాను సూడమ్మా. ఎలా ఆపాలో ఇంకా తేల్లేదు. రేపు చెప్తాను" అన్నారు. ఆ రేపు పొద్దున్న టిఫిన్ చేసి, జిగురు వదిలేసిన పాత ఫిడేలు ఒకటి ముందు పెట్టుకుని, బిగింపులు తిప్పుతూ తిప్పుతూ అలాగే వాలిపోయారట. గుండె. డెబ్బై ఆరేళ్ళు. కూర్మారావు మాస్టారు ఇక లేరు అని రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మా పేట డిగ్నాబాద్‌లో ఆయన్ని ఎరగని ఇల్లు లేదు. కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను. ఆయన ఉద్యోగం సంగీతం కాదు. ఓడల మరమ్మతు వర్క్‌షాపులో వడ్రంగి. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినప్పుడు ఒక ట్రంకు పెట్టె, ఒక ఫిడేలు తెచ్చుకున్నారట. తండ్రి దగ్గర ఫిడేలు, వర్క్‌షాపులో ఉలి, రెండూ ఇంచుమించు ఒకే వయసులో పట్టారు. రిటైరయ్యాక మన తెలుగు సంఘం హాల్లో పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. విడివిడిగా కాదు, గుంపుగా. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, మూడో వయొలిన్లు, రెండు సెల్లోలు. సెల్లో అంటే కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద ఫిడేలు. తెలుగు పిల్లలూ, బెంగాలీ పిల్లలూ, నికోబారీ పిల్లలూ, అందరూ కలిసి పంతొమ్మిది మంది. నేను పదకొండేళ్ళప్పుడు మూడో వయొలిన్లలో చేరాను. ఇప్పుడు నాకు ఇరవై ఆరు. మూడో వయొలిన్లలోనే ఉన్నాను.

మన దీవి గాలి సంగతి మీకు తెలిసిందే. ఉప్పు, తేమ. తీగలు తుప్పు పడతాయి, జిగురు వదిలేసి పలకలు విచ్చుకుంటాయి. అందుకని మాస్టారు హాల్లో ఉన్న అల్మారాలో ఒక బల్బు బిగించి, పగలూ రాత్రీ వెలిగేలా పెట్టారు. ఆ వెచ్చదనానికి వాద్యాలు పొడిగా ఉండేవి. కరెంటు పోయిన రోజుల్లో గొడుగేసుకుని వచ్చి తలుపు తెరిచి ఒక్కోదాన్నీ గుడ్డతో తుడిచి వెళ్ళేవారు. "మాస్టారూ, ఇవేమైనా కోడిగుడ్లా, పొదగడానికి?" అని ఒకసారి నవ్వాను. "కోడిగుడ్డు పగిల్తే ఇంకోటి పెడద్ది కోడి. ఇది పగిల్తే ఓడ రావాలి" అన్నారు.

నాకు తెలుగు చదవడం ఆయనే నేర్పారు. ఇక్కడే మిన్నీ బేలో పుట్టాను, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు నోటితోనే. నేను మొదట దిద్దిన తెలుగు అక్షరాలు అ ఆలు కావు, స రి గ మ ప ద ని. ఆ ఏడు అక్షరాలతో మొదలుపెట్టబట్టే ఈరోజు ఆయన గురించి ఇంత రాయగలుగుతున్నాను. ఆయన చదరపు గళ్ళ కాగితం మీద తెలుగులో రాస్తే, నేను పిల్లలందరికీ అర్థమయ్యేలా హిందీ అక్షరాల్లోకి ఎత్తి రాసి మా కొట్లో జిరాక్స్ తీసేదాన్ని. అది నా పని. అంతకు మించి నాకేమీ రాదనే అనుకునేదాన్ని.

పాటను గుంపు కోసం ఎలా మలిచేవారో చెప్పాలి. ఆయనకి ఒక నియమం ఉంది. ఎంత చిన్న పిల్లయినా సరే, ఒక్క వరుసైనా అసలు రాగం ఆ పిల్ల చేతికి రావాలి. "ఎప్పుడూ తోడు వాయించేవాడికి ఇంట్లో ఏటి వాయించి సూపిస్తాడమ్మా? వాళ్ళమ్మ ఏటని మురుస్తాది?" అనేవారు. మూడో వయొలిన్లలో కొత్తగా చేరిన పిల్లలకి వేలు పెట్టక్కర్లేని తీగలే రాసేవారు. అవి మోగుతుంటే రాగం వాటి మీద నడిచేది. కానీ ఎక్కడో ఒకచోట, నాలుగు గళ్ళ పాటు, పెద్దవాళ్ళందర్నీ తగ్గించి రాగం ఆ చిన్నవాళ్ళకిచ్చేవారు. ఆ నాలుగు గళ్ళలో వాళ్ళ ముఖాలు చూడాలి.

ఈ ఏడాది వార్షికోత్సవానికి ఆయన ఎత్తుకున్నది హారతి. పెళ్ళికీ బారసాలకీ గృహప్రవేశానికీ మన ఆడవాళ్ళందరూ పాడే ఆ వరసే. ఆయనకి అది వాళ్ళ ఆవిడ కాంతమ్మ గారి నోట వచ్చింది. డిగ్నాబాద్‌లో ఏ శుభకార్యమైనా పళ్ళెం పక్కన ఆవిడ గొంతు ఉండాల్సిందే. ఆవిడ వంటింట్లో పాడుతుంటే ఈయన గుమ్మంలో కూర్చుని రాసుకున్నారు. మధ్యలో ఒక జారు ఉంది, గొంతు ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదకి నూనెలా జారుతుంది. మా పిల్లలకి వేలు ఎక్కడ పెట్టాలో ఫిడేలు మీద టేపు ముక్కలు అంటించి ఉంటాయి, జారడం రాదు. మాస్టారు ఆ జారు తీసేశారు. వినిపిస్తే కాంతమ్మ గారు గరిటె పట్టుకునే బయటికి వచ్చారు. "ఇది హారతేటండీ? బడిలో ప్రేయరులా ఉంది!" మాస్టారు మూడు రోజులు ఆలోచించి ఆ జారు సెల్లో వాయించే మేరీకి ఇచ్చారు. మేరీ నికోబారీ పిల్ల, పద్నాలుగేళ్ళు, వేలు ఎక్కడ పెట్టినా అక్కడ పాట పుడుతుంది. రాగం ఆ వరుసలో పెద్ద ఫిడేలుకి వెళ్ళింది. కాంతమ్మ గారు విని, "ఆఁ, ఇప్పుడు పసుపూ కుంకుమా వాసనొచ్చింది" అన్నారు.

తేలనిది ముగింపు ఒక్కటే. మీరే చెప్పండి, హారతి పాటకి చివర ఎక్కడుంది? కర్పూరం వెలిగినంతసేపు తిప్పి తిప్పి పాడతారు, అది కొండెక్కగానే మానేస్తారు. "దీన్ని కాగితం మీద ఎలా రాయనే?" అని మాస్టారు అడిగితే, "రాయడమెందుకు? సూసుకుని ఆపుకోవాలి" అంది ఆవిడ. "గుంటలు కాగితం సూస్తారా, కర్పూరం సూస్తారా?" అన్నారు ఈయన. గుంటలంటే వాళ్ళ మాటలో పిల్లలు. అలా ఆ నాలుగు గళ్ళూ ఖాళీగా ఉండిపోయాయి.

పోయినవాళ్ళ లోపాలు చెప్పకూడదంటారు. నేను చెప్తాను, ఆయన కోప్పడరు. ఆయన ఎవరికీ తన చోటు ఇచ్చేవారు కారు. ఎప్పుడూ ముందు నిలబడి, ఫిడేలు వాయిస్తూనే మమ్మల్ని నడిపించేవారు. ఆయన కమాను కిందికి దిగితేనే మేము ఆగాలి. అంతకు ముందు ఎవరి కమానైనా ఆగిందా, ఆ రోజు వాళ్ళు నిలబడే వాయించాలి. "ఓడ ఆగకుండా దిగిపోయేవాడు నీళ్ళలో పడతాడు" అనేవారు. ఆయన లేకపోతే ఎవరు ఆపుతారన్నది ఆయనా అనుకోలేదు, మేమూ అనుకోలేదు.

గురువారం ఆయన ఇంట్లో చాప మీద కూర్చుని ఉన్నాం. సంఘం ప్రెసిడెంటు జగ్గారావు గారు చెప్పులు విప్పి లోపలికి వచ్చి, నెమ్మదిగానే అన్నారు, "ఆదివారం పిల్లల ఐటం తీసేద్దామమ్మా గౌరీ. మనిషి పోయి నాలుగు రోజులు కాలేదు, స్టేజీ మీద హారతేటి? జనం ఏమంటారు?"

"సరే అండీ. మరి ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. నేర్పేవాడే లేడు కదా. వాద్యాలు స్టోరులో పెట్టించేద్దాం. అల్మారా తీస్తే కంప్యూటర్ క్లాసుకి చోటొస్తుందని కమిటీ ఎప్పట్నుంచో అడుగుతోంది."

స్టోరు గదిలో బల్బు లేదు. ఒక్క వానాకాలం చాలు. అప్పుడు లోపలి గదిలోంచి కాంతమ్మ గారి గొంతు వినిపించింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయింది, కానీ గట్టిగానే ఉంది.

"గుంటలకి మైలేటి జగ్గారావూ? నా కడుపున పుట్టుంటే మైల. పుట్టలేదు కదా. వాయించమను."

జగ్గారావు గారు కండువాతో ముఖం తుడుచుకుని, లేస్తూ నాతో అన్నారు, "ఆదివారం సరిగ్గా వాయిస్తే అల్మారా అక్కడే ఉంటుంది. కమిటీకి నేను చెప్పుకుంటాను. రభస అయితే మాత్రం నా వల్ల కాదు తల్లీ."

శుక్రవారం సాయంత్రం హాల్లో పంతొమ్మిది మందీ కూర్చున్నారు. ముందు మాస్టారు నిలబడే చోట ఎవరూ లేరు. నేను వెనక వరుసలో నా కుర్చీలోనే కూర్చుని "ఒకటి, రెండు" అన్నాను. మొదలైంది. అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. రాగం మొదటి వయొలిన్ల నుంచి రెండో వాళ్ళకి, వాళ్ళ నుంచి మేరీకి, మేరీ నుంచి చిన్నవాళ్ళకి వచ్చింది. ఖాళీ గళ్ళ దగ్గరికి వచ్చి, ఏమీ లేదు కాబట్టి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. రెండోసారి. మూడోసారి. ఎవరూ ఆపలేదు. అందరూ ముందున్న ఖాళీ చోటు వైపే చూస్తున్నారు. నాలుగు. ఐదు. నా భుజం లాగేస్తోంది, అయినా నా కమాను కూడా ఆగలేదు. ఏడోసారి తిరుగుతుండగా చిన్నవాళ్ళలో ఒక పిల్ల వాయిస్తూనే ఏడవడం మొదలుపెట్టింది. అప్పుడు "ఆపండి!" అని అరిచాను. గిన్నెల దొంతర కూలినట్టు ఆగింది.

తర్వాత మేరీ అంది, "దీదీ, ఆప్ సామ్‌నే ఖడే హో జాఓ. నహీ తో హమ్ లోగ్ రుకేంగే నహీ." నేను ముందు నిలబడకపోతే వాళ్ళు ఆగలేరట.

"నేను మూడో వయొలినే పిల్లా. షంపాని నిలబెట్టండి, తను మొదటి వయొలిన్" అన్నాను. షంపా ఫెరార్గంజ్ నుంచి బస్సులో వచ్చే బెంగాలీ పిల్ల. చేయి చక్కగా నడుస్తుంది, నోరు ఇంకా చక్కగా నడుస్తుంది. "మై ఖడీ హో గయీ తో ఫస్ట్ వయొలిన్ కౌన్ బజాయేగా, ఆప్?" అంది, మొదటి వయొలిన్ నేను వాయిస్తానా అన్నట్టు. పిల్లలందరూ నవ్వారు. రెండు రోజుల్లో ఆ హాల్లో వినిపించిన మొదటి నవ్వు అది. నేను లేచి ముందుకి వెళ్ళాను.

శనివారమంతా ఆ నాలుగు గళ్ళతో కుస్తీ. చివర అందరూ కలిసి ఒక్కసారి గట్టిగా వాయించి ఆపితే ఎలా ఉంటుందని రాసి చూశాను. "బర్త్‌డే కేక్ కాటా క్యా?" అంది షంపా, పుట్టినరోజు కేకు కోసినట్టుందని. నెమ్మదించి నెమ్మదించి ఆపమన్నాను. ఒక్కొక్కరు ఒక్కో వేగంతో నెమ్మదించి ఎవరికి వారు ఎక్కడెక్కడో తేలారు. భోజనాల వేళ దాటాక అప్పుడు తట్టింది. దీపం కొండెక్కేటప్పుడు ఒక్కసారిగా పోదు కదా, అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. మొదటి వయొలిన్లు ఆగాలి, తర్వాత రెండో వయొలిన్లు, తర్వాత సెల్లోలు. చివరికి చిన్నపిల్లల ఖాళీ తీగ ఒక్కటే మోగుతూ ఉండగా నా కమాను దిగాలి. నేను మోచేయి ఎత్తితే ఆ చివరి గళ్ళలోకి వెళ్ళాలని గుర్తు పెట్టుకున్నాం. నాలుగుసార్లు వాయిస్తే మూడుసార్లు కుదిరింది.

ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. ఏటా లాగే చివర అమ్మవారి పటానికి హారతి. ఫ్యాన్లు ఆపేశారు. పళ్ళెంలో కర్పూరం వెలిగించగానే నేను కమాను ఎత్తాను. ఒకసారి తిరిగింది. రెండోసారి మొదలవుతుంటే ముందు వరుసలో ఒక మామ్మ గారు గొంతు కలిపారు. ఆవిడ పక్కన ఇంకొకరు. మూడోసారికి హాల్లో సగంమంది ఆడవాళ్ళు పాడుతున్నారు, మా పిల్లల వాద్యం వాళ్ళ గొంతుల కింద పీట వేసినట్టు ఉంది. నేను కర్పూరం వైపే చూస్తున్నాను. మంట చిన్నదైంది. మోచేయి ఎత్తాను. మొదటి వయొలిన్లు ఆగాయి. రెండో వయొలిన్లు ఆగాయి. బ్రహ్మాండం.

సరిగ్గా అప్పుడు జగ్గారావు గారి భార్య ఇంకో రెండు కర్పూరం బిళ్ళలు పళ్ళెంలో వేశారు.

మంట భగ్గున లేచింది. ఆడవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. వాయించవలసిన పన్నెండు మంది కమాన్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మోగుతున్నవల్లా సెల్లోలూ చిన్నపిల్లల తీగలూ. ఇలాంటిది జరుగుతుందని నేను ఏ గడిలోనూ రాయలేదు. కాగితంలో లేనిది పిల్లలకి ఎలా చెప్పను? నాకు కళ్ళ ముందు అల్మారా తలుపు, దాని లోపల బల్బు ఆర్పేస్తున్న చేయి కనిపించాయి. మేరీ వైపు చూశాను. మేరీ కాగితం చూడటం లేదు. మంట వైపు చూస్తోంది. తన వంతు కాకపోయినా రాగం తనే అందుకుంది, మొదటి నుంచి, ఆ పెద్ద ఫిడేలు మీద, జారుతో సహా. ఆడవాళ్ళ గొంతులు వెళ్ళి దానికి అతుక్కున్నాయి. అర వరుస గడిచేసరికి షంపాకి అర్థమై కమాను ఎత్తింది. ఆమె వెనక మొదటి వయొలిన్లు, వాళ్ళ వెనక రెండో వయొలిన్లు, అందరూ మళ్ళీ లోపలికి వచ్చేశారు. ఈసారి నేను మోచేయి ఎత్తడానికి తొందరపడలేదు. మంట పళ్ళేనికి అంటుకుపోయి నీలంగా మారేదాకా ఆగాను. ఒక్కొక్కరే తగ్గారు. చిన్నపిల్లల తీగ ఒక్కటే మిగిలింది. కర్పూరం కొండెక్కింది. నేను కమాను దించాను.

ఇంకా మోగుతున్న కమాన్లన్నీ ఒక్కసారే దిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు భయంగా నా ముఖం చూశారు. నేనూ ఒక క్షణం భయపడ్డాను. తర్వాత చూస్తే, జనం లేచి ఒక్కొక్కరే పళ్ళెం దగ్గరికి వచ్చి, ఆ వెచ్చదనాన్ని కళ్ళకద్దుకుంటున్నారు. కళ్ళకద్దుకున్నవాళ్ళు ఇటు తిరిగి మా పిల్లల తలల మీద చేయి పెట్టి వెళ్తున్నారు. జగ్గారావు గారు అందరికన్నా ఆఖర్న వచ్చారు. "అల్మారా జోలికి ఎవరూ రారు" అని, హాలు తాళం చెవి నా చేతిలో పెట్టి, వేరే వైపు చూస్తూ వెళ్ళిపోయారు.

మాస్టారూ, మీకు ఏమని దండం పెట్టను? చెక్కని చీల్చిన చేత్తోనే చెక్కని పలికించారు. ఏ ఊరి పిల్లో, ఏ భాష పిల్లో అడక్కుండా ప్రతి చేతికీ ఒక వరుస రాగం పంచారు. మీలా వడ్రంగం వచ్చినవాళ్ళు దొరకొచ్చు, మీలా ఫిడేలు వాయించేవాళ్ళు ఓడెక్కి రావచ్చు. పంతొమ్మిది మంది పిల్లల్లో ఎవరి వేలు ఎంత దూరం వెళ్తుందో తెలిసి, దాని కొలతకి పాటను కుట్టిన మనిషి ఈ దీవుల్లో మళ్ళీ కనిపించరు. ఈ లోటు మాకు పూడేది కాదు.

సోమవారం పొద్దున్న, కొట్టు తెరవకముందే, కాంతమ్మ గారి ఇంటికి వెళ్ళాను. గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. హాలు నుంచి రెండు సందుల దూరమే కదా, మైకులో అంతా విన్నారట.

"రెండోసారి కర్పూరం వేసింది ఎవతే?" అన్నారు.

"జగ్గారావు గారి ఆవిడండీ."

"అదెప్పుడూ అంతే. పళ్ళెం కనిపిస్తే చేయి ఊరుకోదు" అని, నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కొంగు తీసి, "ఇంక నన్నెవరూ పిలవరు గదే హారతికి" అన్నారు, నాతో కాదు, గోడతో అన్నట్టు.

నేను సంచిలోంచి గళ్ళ కాగితం తీసి నేల మీద పరిచాను.

"మీకు ఇంకో వరస వచ్చు కదండీ, పెళ్ళికూతుర్ని చేసినప్పుడు పాడేది. అది చెప్పండి."

"ఈ పది రోజుల్లోనా? నీకేమైనా మతి పోయిందేటే పిల్లా? నేను పాడకూడదు."

"పాడొద్దు. మెల్లగా చెప్పండి. నేను రాసుకుంటాను."

ఆవిడ వీధి తలుపు వైపు చూశారు. నేను లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చి, పెన్సిల్ పట్టుకుని, మొదటి గడిలో స అని రాశాను.